అవే ఎండ్‌కు వెళ్లే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంగ్లండ్‌లో, జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు బాగానే వెళ్తున్నారు. సొంత టీమ్ స్టేడియానికి వెళ్లడం ఒకటి రెండు సార్లకే అలవాటైపోతుంది. ప్రత్యర్థి స్టేడియానికి వెళ్లడం, అంటే ‘అవే’ (away) వెళ్లడం, అలా కాదు. అక్కడ బయటి నుంచి వచ్చిన అభిమానులకు కేటాయించిన చోటే అవే ఎండ్, సొంత టీమ్ వాళ్లది హోం ఎండ్. టికెట్ దగ్గర నుంచి తిరుగు రైలు దాకా అన్నీ వేరే లెక్కలు. ఈసారి ఆ ప్రశ్నలకే జవాబులు.

ప్రశ్న: నేను లెస్టర్‌లో ఎంఎస్సీ చేస్తున్నాను. ఇంటర్ రోజుల నుంచి ఆర్సెనల్ అభిమానిని. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో మా వాళ్లు ఆడే మ్యాచ్ చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మెంబర్‌షిప్ తీసుకున్నాను గానీ అవే టికెట్ అందలేదు. ఒక వెబ్‌సైట్‌లో యునైటెడ్ వాళ్ల స్టాండ్‌లో టికెట్ 180 పౌండ్లకు ఉంది. కొనుక్కుని నోరు మెదపకుండా కూర్చుంటే సరిపోతుందా?

జవాబు: కొనకండి. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి, మూడూ డబ్బు పోగొట్టేవే.

మొదటిది టికెట్. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్లను క్లబ్ అనుమతి లేకుండా అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. సంగీత కచేరీ టికెట్లకు లేని నిషేధం ఫుట్‌బాల్‌కు ఉంది. కొన్నవాళ్లను జైల్లో పెట్టరు గానీ, అలా చేతులు మారిందని క్లబ్ కనిపెడితే టికెట్ రద్దవుతుంది. ఇప్పుడు టికెట్లన్నీ ఫోన్‌లోకే వస్తున్నాయి కాబట్టి మ్యాచ్ రోజు పొద్దున కూడా దాన్ని ఆపేయగలరు. టర్న్‌స్టైల్ (టికెట్ చూపి లోపలికి వెళ్లే తిరుగుడు గేటు) దగ్గర ఎర్ర దీపం వెలిగాక ఆ వెబ్‌సైట్‌తో చేసే పోట్లాట మీకు మ్యాచ్ చూపించదు.

రెండోది, హోం ఎండ్‌లో అవే అభిమాని కూర్చోవడం స్టేడియం నిబంధనలకు విరుద్ధం. టికెట్ అసలుదే అయినా సరే, గుర్తించిన క్షణంలో స్టీవర్డ్‌లు (స్టేడియం భద్రతా సిబ్బంది) బయటకు పంపుతారు, డబ్బు తిరిగి ఇవ్వరు. మిమ్మల్ని శిక్షించడానికి పెట్టిన నిబంధన కాదిది. రెండు వర్గాలనూ విడదీసి కూర్చోబెట్టడం మీదే ఇంగ్లండ్ స్టేడియాల భద్రత ఆధారపడి ఉంది. ఆ గీత దాటిన ఒక్క మనిషి చుట్టూ పదిమంది గుమిగూడితే చాలు, ఆ బ్లాక్ మొత్తం అదుపు తప్పుతుంది.

మూడోది మీ ఒళ్లే మాట వినకపోవడం. మీ టీమ్ గోల్ కొట్టినప్పుడు నోరు మూసుకోవచ్చు. భుజాలు ఎగురుతాయి, చేతులు బిగుసుకుంటాయి, పక్కవాళ్లు కూలబడితే మీరొక్కరే నిటారుగా ఉంటారు. ప్రత్యర్థి గోల్ కొట్టినప్పుడు ఇంకా కష్టం, చుట్టూ అందరూ లేస్తారు, మీరు లేవలేరు. అంత దూరం వెళ్లి, అంత డబ్బు పెట్టి, తొంభై నిమిషాలు నటించడం ఎందుకండీ? మా అభిప్రాయంలో అవే వెళ్లడం అంటే అవే ఎండ్‌లో ఉండడమే. పెద్ద మ్యాచ్‌కు దొంగతనంగా వెళ్లడం కంటే, చిన్న మ్యాచ్‌కు మన వాళ్ల మధ్య గొంతు చించుకోవడానికి వెళ్లడం వెయ్యి రెట్లు మేలు.

టికెట్ ఎందుకు అందలేదో చూద్దాం. ప్రీమియర్ లీగ్‌లో హోం క్లబ్ ప్రత్యర్థికి 3,000 టికెట్లు ఇవ్వాలి. స్టేడియం చిన్నదైతే దాని మొత్తం సీట్లలో పదో వంతు. ధర 30 పౌండ్లకు మించకూడదు. 2016-17 సీజన్ నుంచి ఈ పరిమితి అమల్లో ఉంది. ఇంత చవక, ఇంత తక్కువ సంఖ్య. పైగా పెద్ద క్లబ్బుల్లో చాలావరకు టికెట్లు ముందే ఎన్నో అవే మ్యాచ్‌లకు వెళ్లి పాయింట్లు కూడబెట్టుకున్న సీజన్ టికెట్‌దార్లకు మొదట వెళ్తాయి. అంటే వెళ్లినవాళ్లకే మళ్లీ వెళ్లే వీలు. కొత్త మెంబర్ వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు.

మీకు దారులు లేకపోలేదు. కప్ మ్యాచ్‌ల మీద, అంటే లీగ్‌తో పాటు జరిగే నాకౌట్ టోర్నీల మీద కన్నేయండి. ఎఫ్ఏ కప్‌లో ప్రత్యర్థి క్లబ్ స్టేడియంలో 15 శాతం దాకా అడగవచ్చు. సుమారు 74,000 సీట్ల ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో అది కాగితం మీద 11,000. భద్రతా అధికారులు దాన్ని తగ్గించినా లీగ్ మ్యాచ్ కంటే చాలా ఎక్కువే. లీగ్ కప్‌లో పది శాతం. వారం మధ్యలో, చలికాలం రాత్రి, కింది డివిజన్ జట్టు ఊళ్లో పడిన మ్యాచ్‌కు పాత కాపులు కొందరు వెనకాడతారు. అప్పుడు మీరు సిద్ధంగా ఉండాలి. టికెట్ అమ్మకం తేదీలు ఏ వర్గానికి ఎప్పుడో క్లబ్ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. మీ వర్గం వంతు వచ్చే రోజు పొద్దున పది నిమిషాల ముందే లాగిన్ అయి ఉండండి.

ఆర్సెనల్ మహిళల జట్టునూ మరిచిపోకండి. మహిళల సూపర్ లీగ్‌లో చాలా మ్యాచ్‌లకు అభిమానులను వేరుచేయరు. ప్రత్యర్థి స్టేడియంలో మీ జెర్సీతోనే ఎక్కడైనా కూర్చోవచ్చు, టికెట్ కూడా తేలిక.

ప్రశ్న: శనివారం మూడు గంటల మ్యాచ్ అని చూసి లండన్ నుంచి లివర్‌పూల్‌కు చవక రైలు టికెట్ కొన్నాను. ఇప్పుడు మ్యాచ్‌ను సోమవారం రాత్రి 8 గంటలకు మార్చారు. డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: మీరు కొన్నది అడ్వాన్స్ టికెట్ (ఒకే రైలుకు చెల్లే చవక టికెట్) అయితే డబ్బు వెనక్కి రాదు. మీ రైలు బయలుదేరక ముందైతే వేరే రోజుకు, వేరే రైలుకు మార్చుకోవచ్చు. అందుకు రుసుము కట్టాలి, కొత్త టికెట్ ధర ఎక్కువైతే తేడా కూడా కట్టాలి. రైలు వెళ్లిపోయాక దేనికీ పనికిరాదు. అందుకని ఈ రాత్రే మార్చేయండి.

ముందు ముందు ఇది జరగకుండా ఒక సూత్రం పెట్టుకోండి: టీవీ ఎంపికలు వెలువడేదాకా రైలు, హోటల్ కొనవద్దు. జూన్‌లో వచ్చే మొదటి షెడ్యూల్‌లో దాదాపు అన్ని మ్యాచ్‌లూ శనివారం 3 గంటలకే కనిపిస్తాయి, అది చివరి మాట కాదు. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ఫుట్‌బాల్‌ను ప్రత్యక్షంగా టీవీలో చూపకూడదన్న కట్టుబాటు ఉంది. చిన్న క్లబ్బుల గేటు ఆదాయం పడిపోకూడదని పెట్టుకున్నది అది. కాబట్టి టీవీ వాళ్లు ఎంచుకున్న ప్రతి మ్యాచ్ ఆ వేళ నుంచి జరగాల్సిందే: శనివారం 12.30, సాయంత్రం 5.30, ఆదివారం, శుక్రవారం, సోమవారం. దానికి తోడు ఒక జట్టుకు గురువారం యూరప్ మ్యాచ్ ఉంటే వాళ్ల లీగ్ మ్యాచ్ ఆదివారానికి వెళ్తుంది. కప్‌లో ముందుకెళ్తే ఇంకో రోజుకు. తప్పనిసరిగా ముందే కొనాలనుకుంటే అడ్వాన్స్ కాకుండా ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల్లో ఏ రైలుకైనా చెల్లే) టికెట్ కొనండి. ధర ఎక్కువే, కానీ ప్రయాణపు రోజుకు ముందే రద్దు చేసుకుంటే కొద్దిపాటి రుసుము పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు.

సోమవారం రాత్రి మ్యాచ్‌లో అసలు చిక్కు తిరుగు ప్రయాణం. 8 గంటలకు మొదలైతే రెండు సగాలు, 15 నిమిషాల విరామం, అదనపు సమయం కలిపి 9.55 దాకా అవుతుంది. బయటకు వచ్చేసరికి 10.10. లివర్‌పూల్ క్లబ్ స్టేడియమైన ఆన్‌ఫీల్డ్ నుంచి లైమ్ స్ట్రీట్ స్టేషన్ సుమారు రెండు మైళ్లు. లండన్ వెళ్లే చివరి నేరు రైలు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఇలాంటి మ్యాచ్‌లకు మీ క్లబ్ నడిపే అభిమానుల కోచ్ బస్సే ఉత్తమం. అవే ఎండ్ గేటు దగ్గర దింపుతుంది, అక్కడే ఎక్కించుకుంటుంది, మ్యాచ్ ఆలస్యమైనా మిమ్మల్ని వదిలి పోదు.

డబ్బు సంగతి ఒకటి. 16-25 రైల్‌కార్డు రైలు చార్జీలో మూడో వంతు తగ్గిస్తుంది. 26 దాటినా పూర్తికాల విద్యార్థి అయితే కాలేజీ ధ్రువీకరణతో అదే కార్డు తీసుకోవచ్చు. ఇది మన ఎంఎస్ విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. కార్డు లేకపోయినా ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి ప్రయాణిస్తే చాలా రైళ్లలో ఆఫ్-పీక్ వేళ గ్రూప్‌సేవ్ కింద అదే మూడో వంతు తగ్గింపు వస్తుంది.

ప్రశ్న: మ్యాప్‌లో స్టేడియానికి దగ్గర అని చూపించిన స్టేషన్‌లో దిగిపోతే చాలు కదా?

జవాబు: చాలదు. స్టేడియానికి దగ్గర కాదు, మీ గేటుకు దగ్గర కావాలి. ఆస్టన్ విల్లా స్టేడియమైన విల్లా పార్క్‌కు ఆస్టన్, విట్టన్ అని రెండు స్టేషన్లు ఉన్నాయి. అవే అభిమానులకు విట్టన్ దగ్గర. లండన్‌లో ఫుల్హమ్ క్లబ్ స్టేడియానికి వెళ్లేవాళ్లు మెట్రో డిస్ట్రిక్ట్ లైన్‌లో పుట్నీ బ్రిడ్జ్‌లో దిగి, బిషప్స్ పార్క్ గుండా థేమ్స్ పక్కన నడిస్తే నేరుగా పుట్నీ ఎండ్‌కు, అంటే అవే వైపుకే చేరతారు. ఆర్సెనల్‌కు వెళ్లేటప్పుడు హాలోవే రోడ్ స్టేషన్‌ను నమ్ముకోవద్దు, మ్యాచ్ రోజుల్లో దాని మీద ఆంక్షలు ఉంటాయి. ఆర్సెనల్ స్టేషన్ గానీ, కొంచెం నడక ఉన్నా ఫిన్స్‌బరీ పార్క్ గానీ మంచివి. ఆన్‌ఫీల్డ్‌కు శాండ్‌హిల్స్ దాకా రైలు, అక్కడి నుంచి సాకర్‌బస్. టికెట్ మీద టర్న్‌స్టైల్ గుర్తు రాసి ఉంటుంది. దాన్ని ముందుగా మ్యాప్‌లో చూసుకోండి. తప్పు వైపు వెళ్తే హోం అభిమానుల గుంపులో ఎదురీదుతూ స్టేడియం మొత్తం చుట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: మా టీమ్ జెర్సీ వేసుకుని రైల్లో వెళ్లవచ్చా? మ్యాచ్‌కు ముందు పబ్‌లో కూర్చోవచ్చా?

జవాబు: మామూలు లీగ్ మ్యాచ్‌కు జెర్సీతో పెద్ద ఇబ్బంది ఉండదు. అయినా పైన జిప్ జాకెట్ ఒకటి ఉండాలి. స్టేషన్ నుంచి అవే గేటు దాకా జిప్ పైకి, లోపలికి వెళ్లాక కిందికి. స్కార్ఫ్‌ను జాకెట్ లోపల చుట్టుకోండి, సంచిలో పెడితే తీయడానికి ఆలస్యం. పాత వైరాలున్న ఊళ్లకు వెళ్లేటప్పుడు రంగులు అసలే కనబడకపోవడం మంచిది. భయపడమని కాదు, దారిలో ఎవరితోనూ మాటల పని లేకుండా చేసుకోమని.

పబ్ గురించి: స్టేడియం చుట్టూ కొన్ని పబ్‌ల తలుపు మీద హోం అభిమానులకు మాత్రమే అని రాసి ఉంటుంది. ఆ మాటను గౌరవించండి. అవే అభిమానులను రానిచ్చే పబ్‌లు కొన్ని ఉంటాయి, లోపలికి వెళ్లేటప్పుడు అవే టికెట్ చూపించమంటారు. వాటి పేర్లు హోం క్లబ్ తన వెబ్‌సైట్‌లో అవే అభిమానుల పేజీలో ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. ఎటూ తేలకపోతే రైల్వేస్టేషన్ దగ్గర పబ్ సురక్షితం.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మిత్రులంతా కలిసి మినీబస్ అద్దెకు తీసుకుని బీరు డబ్బాలతో బయలుదేరడం చట్టవిరుద్ధం. ఎనిమిది మంది కంటే ఎక్కువ ప్రయాణికులు పట్టేలా చేసిన వాహనంలో, మ్యాచ్ చూడడమే ప్రయాణానికి ముఖ్య కారణమైతే, మద్యం తీసుకెళ్లకూడదు. మీ డ్రైవర్ కూడా ఇరుక్కుంటాడు.

ప్రశ్న: క్రికెట్ చూడడానికి ఎడ్జ్‌బాస్టన్ వెళ్తే బీరు గ్లాసుతో సీట్లో కూర్చోనిచ్చారు. ఫుట్‌బాల్‌లో ఎందుకు ఒప్పుకోరు?

జవాబు: 1985లో వచ్చిన చట్టం వల్ల. ఆ ఏడాది ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌కు అన్నీ చెడ్డ రోజులే. స్టేడియంలో గొడవలు, మే నెలలో బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో అభిమానులు చనిపోయిన ఘోరం. జులైకల్లా చట్టం వచ్చింది. దాని ప్రకారం మ్యాచ్‌కు రెండు గంటల ముందు నుంచి ముగిసిన గంట దాకా, మైదానం కనబడే చోట మద్యం తాగకూడదు. అందుకే స్టాండ్ వెనక కాంకోర్స్‌లో (మైదానం కనబడని నడవాలో) అమ్ముతారు, అక్కడే తాగి లోపలికి రావాలి. ఇది ఫుట్‌బాల్‌కే, క్రికెట్‌కు వర్తించదు. తాగి తూలుతూ గేటు దాటబోవడం కూడా ఇదే చట్టం కింద నేరం. స్మోక్ బాంబులు, ఫ్లేర్లు దగ్గర ఉంచుకోవడమూ అంతే, వెలిగించనక్కర్లేదు. కొన్ని క్లబ్బులు అవే ఎండ్‌లో మద్యం అసలే అమ్మవు.

ఇక లోపలి విషయాలు చెప్పేస్తాం. సంచి వీలైతే వద్దు. చాలా స్టేడియాల్లో ఏ4 కాగితం కంటే పెద్దది రానివ్వరు, కొన్నిచోట్ల అంతకంటే చిన్న కొలత. అవే ఎండ్ దగ్గర సంచులు దాచే చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి లాప్‌టాప్ సంచితో ఆఫీసు నుంచి నేరుగా వెళ్లకండి. దాదాపు అన్నిచోట్లా కార్డే, నోట్లు తీసుకోరు. నీళ్ల సీసా కొంటే మూత తీసి ఇస్తారు, నిండు సీసాను ఎవరూ విసరకుండా. ఏదైనా తినాలన్నా బాత్రూమ్‌కు వెళ్లాలన్నా విరామానికి ఐదు నిమిషాల ముందే కదలాలి. 15 నిమిషాల్లో 3,000 మంది ఒకే కౌంటర్ల మీద పడతారు. ఫోన్‌లో టికెట్‌ను ముందురోజే వాలెట్‌లోకి దించుకోండి. స్టేడియం దగ్గర వేలమంది ఒకేసారి నెట్‌వర్క్ వాడడం వల్ల డేటా అందక గేటు దగ్గర ఆగిపోయేవాళ్లు ప్రతి మ్యాచ్‌లో కనబడతారు.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు నుంచి వస్తున్నారు. వయసు 66, మోకాళ్ల నొప్పులు. నేను ఆస్టన్ విల్లా అభిమానిని. నాకూ ఆయనకూ న్యూకాజిల్‌లో మ్యాచ్‌కు అవే టికెట్లు దొరికాయి. తీసుకెళ్లవచ్చా?

జవాబు: అన్ని స్టేడియాల్లోకీ మీరు ఎంచుకున్నదే ఆయనకు కష్టమైనది. సెయింట్ జేమ్స్ పార్క్‌లో అవే అభిమానుల చోటు లీజెస్ వైపు స్టాండ్‌లో అన్నింటికంటే పైన, ఏడో లెవెల్. పద్నాలుగు మెట్ల వరుసలు ఎక్కాలి. ఎక్కాక ఆట మొత్తం పటంలా కనిపిస్తుంది, ఎవరు ఎక్కడ ఖాళీ వదిలారో బాగా తెలుస్తుంది. కానీ ఆటగాళ్లు చిన్నగా ఉంటారు, గాలి విపరీతం. మెట్లు ఎక్కలేనివాళ్లకు ఏర్పాటు అడగవచ్చు. అడగాల్సింది మ్యాచ్ రోజు గేటు దగ్గర కాదు, ఇప్పుడే, విల్లా టికెట్ ఆఫీసును. అవే టికెట్లకు మీ క్లబ్బే బాధ్యత కాబట్టి న్యూకాజిల్‌కు రాస్తే మళ్లీ మీ క్లబ్‌కే పంపుతారు.

మెట్ల తరువాత నిలబడడం ఉంది. సీట్లు ఉన్నా అవే ఎండ్‌లో అందరూ మ్యాచ్ పొడుగునా నిలబడే ఉంటారు. ముందువాళ్లు నిలబడితే కూర్చున్నవారికి వీపులే కనబడతాయి. సీటు నంబర్లు కూడా చాలామంది పట్టించుకోరు. కాబట్టి ఆయన కోసం ముందు వరుస గానీ, కూర్చుని చూసేవాళ్లకు కేటాయించిన చోటు గానీ అడగండి. వీల్‌చెయిర్ వాడేవాళ్లకు, సహాయకుడు తప్పనిసరైన వారికి సహాయకుడి టికెట్ మామూలుగా ఉచితం.

మా సలహా వేరు. నాన్నగారికి మొదటి మ్యాచ్‌గా బర్మింగ్‌హామ్‌లో విల్లా హోం మ్యాచ్ చూపించండి. కుటుంబాలు కూర్చునే చోట, కింది వరుసల్లో, ఆయన కూర్చునే చూడగలిగేలా. ఆయన ప్రయాణం ఎంత దూరం నుంచో గుర్తుంచుకోండి. ఎంతగా ఎదురుచూసి వచ్చారో దానికి తగ్గ మ్యాచ్ కావాలి. డిసెంబరు, జనవరి అయితే నాలుగు గంటలకే చీకటి. లోపల థర్మల్ బనియను, పైన రెండు పొరలు, ఊలు సాక్సులు రెండు జతలు. కాంక్రీటు మీద రెండు గంటలు ఉంటే చలి పాదాల నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: అవే ఎండ్‌లో పాడే పాటలు వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. పాడకూడనివి ఏమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. ఈ ప్రశ్న అడిగినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. అర్థం తెలియకుండా పక్కవాళ్లతో గొంతు కలపడం వల్లే కొత్తవాళ్లు చిక్కుల్లో పడతారు.

మొట్టమొదటిది చావుల మీద పాటలు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో విమానం కూలి మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు సహా 23 మంది పోయారు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్ స్టేడియం మంటల్లో 56 మంది. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరోలో తొక్కిడిలో లివర్‌పూల్ అభిమానులు 97 మంది. 2000లో ఇస్తాంబుల్‌లో లీడ్స్ అభిమానులు ఇద్దరు హత్యకు గురయ్యారు. ఇవాళ స్టేడియంలో కూర్చున్నవాళ్లలో వాళ్ల అన్నదమ్ములు, పిల్లలు ఉంటారు. వీటి మీద వెటకారపు పాటలు, విమానంలా చేతులు చాపడం, సంఖ్యలు చూపడం ఏ మ్యాచ్‌లోనూ క్షమించదగ్గవి కావు. పబ్లిక్ ఆర్డర్ నేరంగా కేసు పెట్టవచ్చని 2023లో ఇంగ్లండ్ ప్రాసిక్యూషన్ శాఖ స్పష్టంగా చెప్పింది. చెల్సీ వాళ్ల మీద పాడే ఒక పాత స్వలింగ ద్వేషపు నినాదాన్ని ద్వేష నేరంగా చూస్తామని 2022లోనే ప్రకటించింది. జాతి దూషణ నినాదాలు, మైదానంలోకి దిగడం, వస్తువులు విసరడం 1991 చట్టం కింద నేరాలు.

నేరం రుజువైతే కోర్టు ఫుట్‌బాల్ బ్యానింగ్ ఆర్డర్ వేయవచ్చు, మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా. విదేశాల్లో మ్యాచ్‌లు ఉన్న రోజుల్లో పాస్‌పోర్టు కూడా అప్పజెప్పాల్సి వస్తుంది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: శిక్ష పడితే ఆ తరువాత పెట్టే ప్రతి వీసా దరఖాస్తులో దాన్ని రాయాలి.

మిగతా పాటలు పాడండి. మీ క్లబ్ పాటలు నాలుగైదు బాగా వస్తే చాలు, మిగతావి పక్కవాళ్ల దగ్గర వస్తాయి. ఎదుటి టీమ్ ఆటగాడి ఆట మీద, వాళ్ల ఖాళీ సీట్ల మీద ఎంత ఆటపట్టించినా ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: నేను, మా ఆవిడ కోవెంట్రీలో ఉంటాం. అవే ఎండ్‌లో మనలాంటి ముఖాలు తక్కువ. జాతి వివక్ష ఎదురైతే ఏం చేయాలి?

జవాబు: పోట్లాడవద్దు, ఊరుకోవద్దు. అన్నవాళ్ల బ్లాక్, వరుస, సీటు నంబరు, సరిగ్గా ఎన్ని గంటలకు అన్నదీ ఫోన్‌లో రాసుకోండి. దగ్గరి స్టీవర్డ్‌కు చెప్పండి, అతను పట్టించుకోకపోతే సూపర్‌వైజర్‌ను పిలవమనండి. చాలా స్టేడియాల్లో ఎస్ఎంఎస్ నంబరు గోడల మీద ఉంటుంది, సీట్లోంచి కదలకుండానే పంపవచ్చు. స్టేడియంలో ప్రతి సీటు మీదా కెమెరా చూపు ఉంటుంది కాబట్టి సమయం, సీటు నంబరు రెండూ ఉంటే ఫిర్యాదుకు బలం. 1993 నుంచి పనిచేస్తున్న కిక్ ఇట్ ఔట్ అనే వివక్ష వ్యతిరేక సంస్థకు కూడా వాళ్ల యాప్‌లో తెలియజేయవచ్చు, మ్యాచ్ అయ్యాక అయినా సరే. రైల్లో జరిగితే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసుకు 61016కు మెసేజ్ పెట్టండి.

తోడు దొరికే మార్గం కూడా ఉంది. దక్షిణాసియా మూలాలున్న అభిమానులు కట్టుకున్న సంఘాలు చాలా ఊళ్లలో ఉన్నాయి: డార్బీలో పంజాబీ రామ్స్, వెస్ట్ బ్రామ్‌లో అప్నా ఆల్బియన్, విల్లాకు పంజాబీ విలన్స్, బ్రాడ్‌ఫర్డ్‌లో బంగ్లా బాంటమ్స్. పేరులో పంజాబీ ఉన్నా తెలుగువాళ్లు వస్తామంటే తలుపు మూయరు. మొదటి అవే మ్యాచ్‌కు ఇలాంటి బృందంతో వెళ్తే ఎక్కడ నిలబడాలో, ఏ పబ్ మంచిదో మీకు చెప్పేవాళ్లు ఉంటారు. మన తెలుగువాళ్లకు ఏ క్లబ్ దగ్గరైనా అలాంటి సంఘం పుడితే చూడాలని మాకెంతో ఉంది.

ప్రశ్న: జర్మనీలోని ఆఖెన్‌లో చదువుతున్నాను. బయర్న్ అభిమానిని. డార్ట్‌మండ్‌కు అవే వెళ్లాలంటే ఇంగ్లండ్ లెక్కలే పనిచేస్తాయా?

జవాబు: కొన్ని పనిచేస్తాయి. అక్కడా ప్రత్యర్థికి పదో వంతు టికెట్లు. బయర్న్ అవే టికెట్లకు మెంబర్లలోనే గట్టి పోటీ. మీ దగ్గరి ఫ్యాన్ క్లబ్‌లో చేరి వాళ్ల ద్వారా దరఖాస్తు చేయడం ఉత్తమం. డార్ట్‌మండ్ స్టేడియంలో 81,365 మంది పడతారు. సుడ్‌ట్రిబ్యూన్ అనే దక్షిణ స్టాండ్‌లో దాదాపు 25,000 మంది నిలబడే చూస్తారు. అవే వాళ్ల చోటు దానికి ఎదురుగా, ఉత్తరం వైపు. బయర్న్ రంగులతో దక్షిణ స్టాండ్ టికెట్ కొనే ఆలోచన కూడా వద్దు.

ప్రయాణం మీకు తేలిక. ఆఖెన్ నుంచి ఆర్‌ఈ1 రైలు కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్ మీదుగా నేరుగా డార్ట్‌మండ్ వెళ్తుంది. మీ సెమిస్టర్ టికెట్ (విద్యార్థుల రవాణా పాస్) దేశమంతా చెల్లే డాయిష్‌లాండ్ టికెట్ రూపంలో ఉంటే చార్జీ లేదు. ఆ టికెట్ ప్రాంతీయ రైళ్లకే, ఐసీఈ అనే వేగపు రైల్లో ఎక్కితే జరిమానా పడుతుంది. మ్యాచ్ రోజు ఆ రైలు కిక్కిరిసి ఉంటుంది, కాబట్టి ఒక రైలు ముందే ఎక్కండి. ప్రధాన స్టేషన్ నుంచి యూ45 ట్రామ్ స్టేడియానికి తీసుకెళ్తుంది. మ్యాచ్ టికెట్ ఆ ప్రాంతపు లోకల్ రవాణాకూ చెల్లుతుంది.

బీరు సీటు దాకా తీసుకెళ్లవచ్చు. గొడవలకు అవకాశం ఉన్న మ్యాచ్‌లకు మాత్రం ఆల్కహాల్ లేనిదే అమ్ముతారు. గ్లాసుకు డిపాజిట్ ఉంటుంది, తిరిగి ఇచ్చి తీసుకోండి. నిలబడే అవే బ్లాక్‌లో మధ్య భాగం అల్ట్రాలది, అంటే గుంపుగా జెండాలతో పాటలతో జట్టు వెంట ఉండే వీరాభిమానులది. మెగాఫోన్ పట్టుకున్నతను ఏ పాట మొదలుపెడితే అదే, ఆడుతున్నంతసేపూ. అక్కడ నిలబడితే పాడాల్సిందే, ఫోన్ పైకెత్తి వాళ్ల ముఖాలు వీడియో తీయకూడదు. వాళ్లు దాన్ని సహించరు. మొదటిసారి అయితే పక్కగా, పై మెట్ల మీద నిలబడండి. పెద్ద జెండాలు అడ్డురాకుండా ఆట కూడా కనబడుతుంది.

ప్రశ్న: మ్యాచ్ అయిపోయాక గేట్లు తెరవకుండా మమ్మల్ని లోపలే ఆపేశారు. అలా చేసే హక్కు ఉందా?

జవాబు: ఉంది. హోం అభిమానులు రోడ్డు ఖాళీ చేసేదాకా అవే వాళ్లను కొంతసేపు ఆపడం పోలీసుల ఏర్పాటు. మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు. అన్ని మ్యాచ్‌లకూ ఉండదు, ఎక్కువగా డెర్బీలకు (ఇరుగుపొరుగు క్లబ్బుల మధ్య మ్యాచ్‌లకు), మీ వాళ్లు చివరి నిమిషంలో గెలిచిన మ్యాచ్‌లకు. అంతకంటే కట్టుదిట్టం కావాలంటే అవే వాళ్లందరినీ బస్సుల్లోనే తెచ్చి బస్సుల్లోనే పంపుతారు. 2024 జనవరిలో సండర్లాండ్‌లో ఎఫ్ఏ కప్ మ్యాచ్‌కు న్యూకాజిల్ అభిమానులు సుమారు 6,000 మంది అలాగే వెళ్లారు. టికెట్ కొనేటప్పుడే ఆ షరతు రాసి ఉంటుంది, చదవండి.

తిరుగు రైలు మ్యాచ్ ముగిసిన గంటన్నర తరువాత ఉండేలా చూసుకోండి. అంతకంటే దగ్గరగా పెట్టుకుంటే ఆపేసిన అరగంటలో రైలు పోతుంది. బయటకు వచ్చాక మీ గుంపుతోనే ప్రధాన రోడ్డు మీద నడవండి, అడ్డదారి సందులు వద్దు. జాకెట్ జిప్ మళ్లీ పైకి. ఫోన్ బ్యాటరీ ఈ వేళకే అయిపోతుంది, రైలు టికెట్ కూడా దాంట్లోనే ఉంటుంది కాబట్టి జేబులో పట్టే చిన్న పవర్ బ్యాంక్ ఒకటి వెంట ఉంచుకోండి. అరచేతికంటే పెద్దది గేటు దగ్గర తీసేసుకోవచ్చు.